గుండుకు పెద్ద మేనమామ

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం కల్లావి పశువైద్యశాలలో సహాయ పశువైద్యులుగా ఉద్యోగబాధ్యతలు స్వీకరించిన డాక్టర్ రామచంద్రప్పగారు, ఈ నెలాఖరున హోసూరులోని మన పశువైద్యశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజున ఆయన కొత్త తెల్లచొక్కా తొడుక్కొని వెళ్లారు. మధ్యాహ్నానికల్లా ఆ చొక్కా అసలు రంగు ఏమిటన్న విషయంలో ఏకాభిప్రాయం లేకుండా పోయింది. అందుకు కారణం ఈనడానికి కష్టపడుతున్న ఒక ఎనుము, అనగా గేదె. తల్లీ దూడా క్షేమంగా బయటపడ్డాయి, చొక్కా బయటపడలేదు. నాటి నుండి నేటివరకు డాక్టరుగారు తెల్లచొక్కా ధరించి ఎరుగరు. సన్మానసభకు మాత్రం తప్పక ధరించి రావలసిందిగా కార్యవర్గం ప్రార్థిస్తోంది. సభాస్థలికి ఎనుములను అనుమతించడం లేదు.

డాక్టరుగారు డెంకణికోట తాలూకాలో అడవి అంచున ఉన్న ఒక చిన్న పల్లెలో, పశువులే ఆస్తిగా బతికిన కుటుంబంలో జన్మించారు. పైచదువులకు వెళ్లాక కూడా, సెలవుల తరువాత కళాశాలకు ఆలస్యంగా రావడానికి ఆయన చూపే కారణం ఒక్కటే: దారిలో ఏనుగు నిలబడింది. ఎవరూ నమ్మేవారు కారు. ఆయన మాత్రం మరో కారణం కల్పించి చెప్పే శ్రమ ఎన్నడూ తీసుకోలేదు. ఆయన మాతృమూర్తి కీర్తిశేషురాలు గంగక్కగారు పొద్దున్నే పాలు పిండబోయే ముందు కొబ్బరిపీచు గుప్పెట్లో పట్టుకొని ప్రతి పశువునూ మెడ నుండి తోక దాకా రుద్దేవారట. రుద్దుతూ రుద్దుతూ ఉన్న చేయి ఒకచోట ఆగిందంటే, అక్కడ పిడుదో పుండో గడ్డో ఏదో ఒకటి ఉన్నట్టే. డాక్టరుగారు తరువాతి కాలంలో ఎంత చదివినా, ఏ పశువు ముందు నిలబడినా, మొదట చేసేది చేతిని మెడ నుండి తోక దాకా పోనివ్వడమే. స్టెతస్కోపు వంతు ఆ తరువాత వస్తుంది.

కల్లావిలో కొన్నేళ్లు పనిచేసి, అక్కడి నుండి కావేరిపట్టణానికి బదిలీ అయిన డాక్టరుగారు, దక్షిణ పెన్నేటి ఒడ్డున ఉన్న పల్లెలన్నింటిలోనూ ఈ పీచు వైద్యాన్ని ప్రచారం చేశారు. రైతులు తొలుత దీనిని అవమానంగా భావించారు. ఇంజెక్షను పొడవని వైద్యుడు వైద్యుడే కాదన్నది అప్పటి ప్రజాభిప్రాయం. నరసింహప్ప అనే రైతు ఒకనాడు నిలదీశారు కూడా: "మందు ఇయ్యప్పా అని అడిగితే పీచు ఇస్తావేంది? దీన్ని తెచ్చుకునేదానికి ఇంత దూరం రావల్లనా నేను?" డాక్టరుగారు ఆ పీచునే గుప్పెట్లో పట్టుకొన్నారు. నరసింహప్ప ఎద్దును అక్కడికక్కడే రుద్ది, గంగడోలు మడతలో దాగిన పిడుదుల గుంపును వేలితో చూపించారు. నరసింహప్ప మరుసటి వారం మళ్లీ వచ్చారు, తన వెంట ఊరిలో సగం ఎద్దులను తోలుకొని.

ఇటువంటి మహనీయునికి పదోన్నతి లభించి, హోసూరు ప్రాప్తించింది. అప్పటికి హోసూరులో కర్మాగారాలు పెరిగి, కర్మాగారాల వల్ల జీతాలు పెరిగి, జీతాల వల్ల అపార్టుమెంట్లు పెరిగి, అపార్టుమెంట్లలో ఎవరూ ఊహించని విధంగా కుక్కలు పెరిగాయి. డాక్టరుగారి తొలి హోసూరు రోగి, చల్లని కారులోంచి దిగి, ఎండ చూసి, తిరిగి కారెక్కిన ఒక లాబ్రడార్ కుక్క. దాన్ని దింపడానికి యజమాని, యజమానిని ఓదార్చడానికి యజమానురాలు చాలాసేపు శ్రమించారు.

మధ్యతరగతి గృహాల్లో కుక్కకు లభించే గౌరవం గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. అత్తతో తెలుగు, వీధిలో తమిళం, పెద్దనాన్న ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం, కుక్కతో మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. "వీడికి తెలుగు రాదు సార్" అని తండ్రులు గర్వంగా చెప్పుకోవడం మనమందరం విన్నదే. కుక్క కోసం ఖరీదైన షాంపూ కొని తెస్తారు. అది బాగుందని ఇంటిల్లిపాదీ వాడుకొని, చివరకు కుక్కకు బట్టల సబ్బు రుద్దుతారు. వేసవి రాగానే, పాపం ఉడకపోస్తోందని, దట్టమైన రెండు పొరల బొచ్చు ఉన్న పొమరేనియన్‌కు నున్నగా గీయించి తెస్తారు. ఆ బొచ్చే దానికి ఎండకు గొడుగని డాక్టరుగారు చెబితే, "మాకే ఇంత ఉక్కగా ఉండాది, దానికి ఉండదా సార్?" అని ఎదురడుగుతారు. ఇంట్లో దిష్టిబొట్టు, వెంట్రుకలకు కొబ్బరినూనె, ఒంటికి పౌడరు, పుట్టినరోజుకు కేకు. ఒక్క దువ్వెన మాత్రం ఉండదు.

డాక్టరుగారు వీరెవ్వరినీ ఎగతాళి చేయలేదు. ఆ పని కోసం వైద్యశాలలో ఇతర సిబ్బంది ఉన్నాము. ఆయన మాత్రం, గంగక్కగారి పీచుకు బదులు ఒక ఇనుప పళ్ల దువ్వెన పుచ్చుకొని, వారానికొకనాడు యజమానులకే కుక్కను దువ్వడం, గోళ్లు తీయడం, పళ్లు తోమడం నేర్పే కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఏ రోజు పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. మంగళ, శుక్ర, శనివారాల్లో గోళ్లు తీయరాదని కుక్కల నానమ్మలు నిషేధించారు. సోమవారం ఒకరి ఇంటి దేవుని రోజు, గురువారం ఇంకొకరి ఇంటి దేవుని రోజు, ఆదివారం మాంసం దుకాణం దగ్గర వరుస. అన్ని వారాలనూ వడగట్టగా బుధవారం మిగిలింది. ఆ విధంగా హోసూరులో 'దువ్వెన బుధవారం' వెలసింది. అమావాస్య బుధవారం నాడు వస్తే గోళ్లను మినహాయించి చెవులు మాత్రం చూసేవారు.

దువ్వెన వల్ల ఏమి ఒరుగుతుందని తొలినాళ్లలో మనలోనే కొందరం అడిగాము. ఒరిగినవి కళ్లారా చూశాము. క్రమం తప్పకుండా దువ్విన కుక్కకు రాలే బొచ్చు సోఫా మీద కాక దువ్వెనలో దొరికింది. చర్మంలోని సహజమైన నూనె ఒళ్లంతా పరుచుకొని, పౌడరు లేకుండానే మెరుపు వచ్చింది. పిడుదులు రక్తం తాగి జ్వరం తెచ్చేలోగా పట్టుబడ్డాయి. గోళ్లు పెరిగి నడక వంకర పోయిన కుక్కలు, గోళ్లు తీసిన సాయంత్రమే సరిగ్గా అడుగు వేశాయి. పళ్లు తోమించుకోవడం నేర్చిన కుక్కలు తమ యజమానుల కంటే శ్రద్ధగా తోమించుకున్నాయి. మన తొలి రోగి లాబ్రడార్ పొట్టకింద శనగగింజంత గడ్డ, దువ్వుతున్న యజమాని వేళ్లకే తగిలింది. తీసేశాము. ఆ కుక్క ఇప్పటికీ కారు దిగడానికి మారాం చేస్తోంది.

ఇక, డాక్టరుగారి కీర్తిని హోసూరు ఎల్లలు దాటించి కృష్ణగిరి వరకు చేర్చిన సంఘటనను ప్రస్తావించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది.

మూడేళ్ల కిందటి మాట. కర్మాగారంలో సూపర్‌వైజరుగా ఉన్న దేవేంద్రగారు, వారి సతీమణి చైత్రగారు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు ఒక బుధవారం తమ కుక్కను తీసుకువచ్చారు. కళ్ల మీదికి జుట్టు పడే షిట్జు జాతి చిన్న కుక్క. టీకాల కార్డు మీద దాని పేరు 'ప్రిన్స్ దేవేంద్ర', ఇంట్లో పిలిచే పేరు గుండు. పేరు గుండే గాని, పుట్టిన నాటి నుండి దాని ఒంటిమీద కత్తెర పడలేదు. నడవమంటే నడవడం లేదనీ, బాగా లావెక్కిందనీ, అందుకని అన్నం సగానికి తగ్గించామనీ దేవేంద్రగారు నివేదించారు. "ఒట్టి సోంబేరి సార్ వీడు" అని ముగించారు.

డాక్టరుగారు అలవాటు ప్రకారం చేతిని మెడ నుండి పోనిచ్చారు. చేయి ఆగింది. చాలాసేపు ఆగింది. ముందుకాళ్ల చంకల్లో బొచ్చు ఉండలు కట్టి, తాడులా పేనుకుపోయి, కాళ్లను రొమ్ముకు కట్టేసింది. అడుగు వేస్తే చర్మం పీకుతుంది. అది బద్ధకం కాదు, లావు కూడా కాదు. లోపల ఉన్నది ఎముకల గూడు. చంకల్లోనూ చెవుల వెనుకా ఉండలు కట్టిన చోట చర్మం చెమ్మగిల్లి పుండు పడింది, వాసన వస్తోంది. ఈ రోజే మొత్తం తీసేయాలనీ, పుండులో పురుగు పడితే కాలు దక్కదనీ డాక్టరుగారు చెప్పారు.

తీయడానికి వీల్లేదన్నారు వెంకటలక్ష్మమ్మగారు. పిల్లగా ఉండగా గుండుకు రక్తవిరేచనాలు పట్టుకున్నప్పుడు, బతికితే దాని పుట్టెంట్రుకలు ఇస్తానని ఆమె ఇంటి దేవునికి మొక్కుకున్నారు. అప్పట్లో అది బతికింది మన డాక్టరుగారు రాత్రింబవళ్లు ఎక్కించిన సెలైనుతోనే. ఖ్యాతి మాత్రం ఇంటి దేవునికి వెళ్లింది. ఈ పంపకంలో డాక్టరుగారికి ఏనాడూ అభ్యంతరం లేదు. అయితే, దువ్వితే జుట్టు రాలుతుందనీ, రాలితే దేవుని సొత్తు తరిగిపోతుందనీ ఆమె దువ్వెననూ నిషేధించారు.

"మొక్కు తీరకముందు కత్తెర పెడితే ఆ సామి సుమ్మనుంటాడా డాక్టరప్పా?" అన్నారామె.

దేవుని గురించి, మూఢత్వం గురించి డాక్టరుగారు ఒక్క మాట ఎత్తలేదు. "ఇంతకాలం మొక్కు ఎందుకు తీర్చలేదమ్మా?" అని మాత్రం అడిగారు.

దేవేంద్రగారు ఫ్యాను వైపు చూశారు. పుట్టెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా, ఇక్కడ మేనమామ లేకనే కార్యం ఆగిపోయింది. మేనమామ అంటే చైత్రగారి అన్న గోకుల్‌గారు, కృష్ణగిరిలో మామిడిగుజ్జు వ్యాపారి. అంతకు రెండేళ్ల ముందు తన గృహప్రవేశానికి ఫోనులో పిలుస్తూ, "అందరూ రాండి, కుక్కను మాత్రం తోడుకోని రావద్దండి" అన్నారు. అందరిలో గుండు లేదా అని చైత్రగారు ఫోను పెట్టేశారు. అప్పటి నుండి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. ఏ కుక్కను గడప తొక్కవద్దన్నారో ఆ కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకోమని ఆయన్ను బతిమాలడం చైత్రగారి వల్ల కాలేదు. ఇద్దరి పంతం మధ్య జుట్టు పెరుగుతూ పోయింది.

డాక్టరుగారే స్వయంగా కృష్ణగిరికి ఫోను చేసి, పుండు సంగతీ కాలి సంగతీ వివరించారు. గోకుల్‌గారు మర్యాదస్తులు, చివరిదాకా విన్నారు. "కుక్కకు నేను మేనమామనా సార్? రేపు నేను మండీలో తల ఎత్తుకోని తిరగొద్దా?" అని పెట్టేశారు.

అప్పుడు మన డాక్టరుగారు చేతులు కడుక్కున్నారు. కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. స్టూలు లాక్కొని కూర్చొని, ఒళ్లో తువ్వాలు పరచుకొన్నారు. "మేనమామ దొరికినాడు. నా ఒళ్లోకియ్యండి వాణ్ని" అన్నారు.

వెంకటలక్ష్మమ్మగారు అంత సులభంగా ఒప్పుకొనే మనిషి కారు. వావి తేలాలన్నారు. ఆమె పుట్టిల్లు కల్లావి. చొక్కా కథలోని ఎనుము ఆమె పుట్టింటి ఎనుమేనని తేలింది. "అట్లయితే నువ్వు నాకు తమ్ముడివి. అంటే దేవేంద్రకు మేనమామవు. గుండుకు తాతవి అయితావు గదప్పా! తాత పనికిరాడే" అని ఆమె పెదవి విరిచారు. మేమందరం వేళ్లు మడిచి లెక్కవేసి చూశాము. ఆమె లెక్కలో తప్పు దొరకలేదు.

డాక్టరుగారు చైత్రగారి వైపు తిరిగారు. "పాపా, నన్ను ఒకసారి అన్నా అని పిలువు. లెక్క సరిపోతాది."

చైత్రగారు ఆయనను ఎల్లప్పుడూ 'సార్' అనే పిలిచేవారు. ఒకసారి గుండు కళ్ల మీది జుట్టును పక్కకు తోశారు. తరువాత కుక్కను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టారు. "అన్నా, వాడికి నొప్పి కాకుండా చూడు" అన్నారు.

'చూడండి' అనలేదు, 'చూడు' అన్నారు. ఈ వ్యాసంలో మేము డాక్టరుగారికి సమర్పించిన బహువచనాలన్నీ ఒక పక్క వేసినా, ఆ ఒక్క ఏకవచనంతో తూగవు.

ఆయన పట్టుకొని కూర్చోగా, మన సహాయకులు హనుమంతప్పగారు బొచ్చు తీసే మిషను పట్టారు. తొలి కుచ్చును వెంకటలక్ష్మమ్మగారు పసుపుబట్టలో పట్టుకొన్నారు. తరువాత వచ్చినదంతా ఒకే ముక్కగా, గొంగడిలాగా ఊడివచ్చింది. ఆ పని పూర్తయ్యేలోగా గుండు, మేనమామకు ఒళ్లో జరగవలసిన మర్యాదను కూడా లోటు లేకుండా జరిపింది. కల్లావి చొక్కాకు తోడుగా హోసూరు ప్యాంటు చేరింది. పుండ్లకు మందు రాసి నేల మీద దించితే, గుండు ముందుకాలు ఒకటి ఎత్తి, చర్మం లాగలేదేమిటా అని ఆశ్చర్యపడినట్టు అలాగే నిలబడింది. రెండో కాలు ఎత్తి చూసింది. ఆపైన బల్ల చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టి, దేవేంద్రగారు పట్టుకోబోతే దొరకలేదు. సోంబేరి అన్న మాటను ఆయన మళ్లీ వాడలేదు. ఆ రాత్రి నుండి అన్నం పూర్తిగా పెట్టారని వినికిడి.

కథ ఇక్కడితో ముగిసిందని మేము అనుకొన్నాము. కానీ డాక్టరుగారి ఒళ్లో గుండు కూర్చున్న ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. కుక్కకు మేనమామను కానన్న గోకుల్‌గారు, ఆ స్థానంలో వేరొకరు కూర్చున్న ఫోటో చూసి నిద్రపోలేదట. మరుసటి బుధవారం పళ్లెంలో తాంబూలం, మామిడిపండ్లు, కొత్త తువ్వాలు పెట్టుకొని కృష్ణగిరి నుండి కారులో దిగారు. చెల్లెలి వైపు చూడకుండా నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, "నేనుండంగా ఇంకొకరు ఎట్లా కూసుంటారు సార్? ఇది నాయమా?" అని నిలదీశారు. మేము గొడవకు సిద్ధపడ్డాము.

డాక్టరుగారు మాత్రం ఆయనకు కుర్చీ వేయించి, చేతికి దువ్వెన ఇచ్చారు. "వెంట్రుకలు మల్లా వస్తాయప్పా. మేనమామ పని ఒక్క దినముతో తీరేది కాదు. వారం వారం దువ్వల్ల. నేను ఊరందరి కుక్కలకు చేయల్ల, నీకైతే ఇదొక్కటే" అన్నారు. కొనల నుండి మొదలుపెట్టాలనీ, మొదలును రెండో చేత్తో పట్టుకొంటే చర్మం లాగదనీ, చంకలూ వేళ్ల సందులూ మరువరాదనీ నేర్పారు. మండీలో మామిడికాయను వేలితో తాకి పక్వం చెప్పగల ఆ చేతులకు ఈ విద్య త్వరగానే అబ్బింది.

ఆనాటి నుండి గోకుల్‌గారు బుధవారం బుధవారం చెల్లెలి ఇంటికి వస్తున్నారు. తొలి నెల రోజులు అన్నాచెల్లెళ్లు నేరుగా మాట్లాడుకోలేదు, అంతా కుక్క ద్వారానే నడిచింది. "మీయమ్మకు చెప్పరా, కాఫీలో చక్కెర ఎక్కువైందని." "మీ మామకు చెప్పు, ఈ వయసులో ఆ మాత్రం కూడా ఎక్కువేనని." ఇంగ్లీషు తప్ప ఏమీ రాని గుండు, ఆ నెల రోజుల్లో తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. ఎప్పుడు నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారో వారికే గుర్తు లేదు. పసుపుబట్టలోని పుట్టెంట్రుకలను రెండు కుటుంబాలూ కలిసి వెళ్లి ఇంటి దేవునికి సమర్పించాయి. కుక్కను దువ్వితే చర్మం బాగుంటుందని, రోగం ముందే తెలుస్తుందని మనం గోడ మీద రాయించాము. మిగిలినది రాయించడానికి గోడ మీద చోటు లేదు.

ఈ సన్మాన సంచికకు గోకుల్‌గారు శుభాకాంక్షల ప్రకటన ఇచ్చారు. 'మా గుండు మేనమామకు' అని మేము అచ్చు వేయించబోతే, ఆయన ఫోను చేసి మరీ ఆపించారు. "ఒట్టి మేనమామ అని వెయ్యొద్దండి. పెద్ద మేనమామ అని వెయ్యండి. చిన్న మేనమామను నేనొకణ్ని ఉండాను గదా." ఆ ప్రకారమే సవరించాము.

డాక్టరుగారి తరువాత దువ్వెన బుధవారం ఏమవుతుందని పలువురు ఆందోళన వ్యక్తం చేశారు. నేర్చుకొన్న చేతులు ఊరి నిండా ఉన్నాయి, అవి ఆగవు. స్వయంగా డాక్టరుగారికి దువ్వెనతో అవసరం తీరి చాలాకాలమైనా, ఆయన జేబులో అది ఉండని రోజు లేదని వారి సతీమణి భువనమ్మగారు ధ్రువీకరించారు. గంగక్కగారి చేతిని హోసూరు అపార్టుమెంట్ల దాకా మోసుకొచ్చిన ఈ సహోద్యోగితో కలిసి పనిచేశామని చెప్పుకోవడం మాకు జీతం కంటే పెద్ద గౌరవం.

డాక్టర్ రామచంద్రప్పగారు సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో, చేతివేళ్ల చురుకు తగ్గకుండా, దారిలో ఏనుగులు అడ్డురాకుండా, తాము రక్షించిన మూగజీవుల ఆయుష్షులో తలా కొంచెం తమకు కలిసివచ్చి, నిండు నూరేళ్లు సుఖంగా వర్ధిల్లాలని వైద్యశాల సిబ్బంది తరఫున ఆకాంక్షిస్తున్నాము. చైత్రగారు తన మాటగా ఒక్కటి చేర్చమన్నారు. దానిని గౌరవ బహువచనంలోకి మార్చవద్దని కూడా అన్నారు కనుక, ఉన్నది ఉన్నట్టే అచ్చు వేస్తున్నాము:

"నూరేండ్లు బాగుండన్నా. బుధవారం రా."